విదేశీ అతిథికి బెజవాడ, గుంటూరు చూపించడం ఎలా: రెండు రోజుల పథకం

అమ్మాయి అమెరికా ఆఫీసు నుంచి ఎవరో వస్తారు. లేదంటే అల్లుడి స్నేహితుడు జర్మనీ నుంచి దిగుతాడు. గన్నవరంలో కారు ఎక్కించుకున్న దగ్గర్నుంచి ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. పెద్దవాళ్ళ పార్టీ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్, మాల్, కొత్త అపార్ట్‌మెంట్లు చూపించి ‘మేమూ ఎదిగాం’ అనిపించాలని చూస్తుంది. కుర్రాళ్ళ పార్టీ ‘అసలు ఇండియా’ చూపిస్తామని కాలవగట్టు గుడిసెల వైపు లాక్కెళ్తుంది. రెండూ చెడగొట్టేవే. మొదటిదానితో అతిథికి ఏదో దాస్తున్నారన్న అనుమానం పుడుతుంది. రెండోదానితో ఆయన ముందే మనసులో మోసుకొచ్చిన బొమ్మకి ఫొటోలు దొరుకుతాయి, అంతే.

కొత్త కన్నుకి ఇవాళ్టి స్థితి కనిపిస్తుంది గానీ నిన్న ఎలా ఉండేదో కనిపించదు. వీధిలో ఉన్నది కనిపిస్తుంది, ఇంట్లో ఉన్నది కనిపించదు. మార్గం వేసేటప్పుడు ఈ రెండు లోపాలనీ దృష్టిలో పెట్టుకోవాలి. ఎదుగుదల, లేమి రెండూ ఒకే చోట, వీలైతే ఒకే మనిషి దగ్గర కనిపించే తావులు ఎంచుకోండి. ప్రతిచోటా ‘పదేళ్ళ కిందట ఇక్కడ ఎలా ఉండేదండీ’ అని అడగడానికి ఒక మనిషిని ముందే చూసిపెట్టుకోండి. రెండు రోజుల్లో ఎవరి అభిప్రాయమూ మారదు. లెక్క వేసే పద్ధతి మాత్రం మారొచ్చు, దానికే ఈ శ్రమంతా.

రాకముందు సర్దుకోవాల్సినవి

ఫిబ్రవరి రెండో సగం అన్నిటికన్నా మంచి సమయం. ఎండ ఇంకా ముదరదు, గుంటూరు యార్డుకి కొత్త మిర్చి వస్తూ ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో వాతావరణం హాయిగానే ఉంటుంది కానీ యార్డులో ఎక్కువగా ఏసీ సరుకే, అంటే శీతల గిడ్డంగిలో దాచిన పాత కాయే కనిపిస్తుంది. ఏప్రిల్‌లో సరుకు దండిగా ఉంటుంది, అతిథే నిలబడలేడు. శని, ఆదివారాల్లో యార్డుకి సెలవు, మే నెలలో వేసవి సెలవులు. గుంటూరు ప్రయాణం వారం మధ్యలో పడేలా చూసుకోండి.

అతిథులు నలుగురికి మించకూడదు. ఎనిమిది మంది వెళ్తే అది ఊరేగింపు. సందులోకి అడుగు పెట్టగానే తలుపులు తెరుచుకుంటాయి, పిల్లలు పోగవుతారు, ఇక ఎవరూ మామూలుగా మాట్లాడరు. ఇద్దరైతే ఆటోలో, నలుగురైతే మామూలు కారులో వెళ్ళండి. నల్ల అద్దాల పెద్ద బండి వస్తే జనం ఎవరో అధికారి వచ్చాడనుకుని పింఛను అర్జీలు పట్టుకొస్తారు.

చిల్లర విషయం చాలామంది మరచిపోతారు. మనకి ఫోనులో స్కానింగ్ అలవాటైపోయింది గనక జేబులో డబ్బులుండవు. అతిథి దగ్గర ఐదొందల నోట్లు తప్ప ఉండవు. పదులు, ఇరవైలు, యాభైలు కలిపి ఒక్కొక్కరికి 600 దాకా ముందే విడిపించి ఇవ్వండి. తన చేత్తో తను కొనుక్కుంటేనే ధర గుర్తుంటుంది. అన్నీ మీరే కొనిపెడితే రెండు రోజుల తర్వాత కూడా ఇడ్లీ ప్లేటు ఎంతో ఆయనకి తెలియదు.

కడుపు సంగతి. అతిథికి కడుపు చెడితే ఆయన దృష్టిలో దేశం మొత్తం చెడ్డట్టే. పొగలు కక్కే ఇడ్లీ, అప్పుడే పెనం మీంచి తీసిన దోశె, కాగిన టీ, కళ్ళముందు కొట్టిన కొబ్బరిబోండాం ఫరవాలేదు. పొద్దుట్నుంచీ గిన్నెలో ఉన్న పల్లీ చట్నీ, ఐసు వేసిన చెరుకురసం, కోసి పెట్టిన పండ్ల ముక్కలు వద్దు. మన నోటికి అలవాటైన కారం వాళ్ళకి విరేచనాల మందు, సగానికి తగ్గించమని ముందే చెప్పండి.

ముందురోజు రాత్రి అరగంట లెక్కలు

భోజనాలయ్యాక కాగితం, పెన్ను తీయండి. ఇది ఎగ్గొడితే మర్నాడు చూసిందంతా గాల్లో తేలిపోతుంది.

అతిథులు చేసే మొదటి తప్పు అన్నిటినీ డాలర్లలోకి మార్చడం. టీ పదిహేను రూపాయలంటే ‘ఇంత చవకా’ అంటారు. పదిహేను వేల జీతమంటే ‘ఎలా బతుకుతారు’ అంటారు. రెండు ఆశ్చర్యాలకీ మూలం ఒకే మారకపు రేటు. డాలరు పక్కన పెట్టి గంటల్లో లెక్కేయించండి. తాపీ కూలీకి పని దొరికిన రోజు 800 వస్తుందనుకుందాం. ఎనిమిది గంటల పని, గంటకి వంద. కిలో బియ్యం 50 అయితే అరగంట పని. గ్యాస్ బండ 900 అయితే తొమ్మిది గంటలు. గది అద్దె ఐదువేలైతే యాభై గంటలు. పదివేల ఫోను వంద గంటలు. అతిథిని తన గంట జీతంతో తన ఊరి ధరలకి ఇదే పట్టిక పక్కనే రాసుకోమనండి. అసలు ధరలు మర్నాడు తనే అడిగి దిద్దుకుంటాడు.

తర్వాత నెల ఆదాయం వేయమంటే అందరూ ముప్పైతో గుణిస్తారు. అక్కడ ఆపండి. వాన, పండగ, ఇసుక రాకపోవడం, అడ్డా మీద ఎవరూ పిలవకపోవడం అన్నీ పోవాలి. 24 రోజులతో ఒకసారి వేయించండి, 19,200 వస్తుంది. 18 రోజులతో ఇంకోసారి, 14,400. తేడా 4,800, దాదాపు ఆ గది అద్దెంత. పేదరికం అంటే కూలి తక్కువ కావడం ఒక్కటే కాదని, రేపు పని ఉంటుందో లేదో తెలియకపోవడమని ఈ ఒక్క తీసివేతతో అర్థమవుతుంది. రేషన్ బియ్యం మనిషికి ఐదు కిలోల చొప్పున 2023 జనవరి నుంచి ఉచితమే కాబట్టి ఇప్పుడు నొక్కేది బియ్యం దగ్గర కాదు. అద్దె, బడి ఫీజు, ఆసుపత్రి దగ్గర నొక్కుతుంది.

ఇక వాళ్ళు చదివొచ్చిన అంకెలు. ‘ఇండియాలో కటిక పేదలు ఐదు శాతమేనట’ అని ఒకరు, ‘నాలుగో వంతు పేదలేనట’ అని ఇంకొకరు వాదులాడుకుంటారు. ఇద్దరిదీ నిజమే. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో కటిక పేదరికపు గీతని రోజుకి 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకి జరిపింది. ఆ గీత కింద ఉన్నవాళ్ళు 2011-12లో 27.1 శాతం, 2022-23లో 5.3 శాతం. మనలాంటి దిగువ మధ్య ఆదాయ దేశాలకి వేసే 4.20 డాలర్ల గీత తీసుకుంటే అదే 2022-23లో 23.9 శాతం. ఇక్కడ డాలరంటే బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు. కొనుగోలు శక్తి లెక్కలో, 2021 ధరల్లో, డాలరుకి సుమారు ఇరవై రూపాయలే. అంటే మూడు డాలర్లు దాదాపు అరవై రూపాయలు. ఈ సంగతి తెలియని అతిథి రెండొందల యాభై పైచిలుకు అనుకుని కూర్చుంటాడు. మనవాళ్ళలోనూ చాలామంది అలాగే అనుకుంటారు లెండి.

మీరు చేసే తప్పు కూడా ఒకటుంది. ‘మాది ప్రపంచంలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటి’ అని మొదలెట్టడం. దేశం మొత్తంగా చూస్తే అది నిజం, తలసరికి పంచితే 2024లో ఏడాదికి దాదాపు 2,700 డాలర్లు. అతిథి ఫోనులో పది సెకన్లలో ఇది చూసేస్తాడు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలకీ విలువ ఉండదు.

చివరగా కంటికి కనిపించని రెండు అంకెలు రాయించండి. ఆదాయాన్ని కాకుండా చదువు, ఆరోగ్యం, ఇంటి వసతుల లేమిని కొలిచే నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పేదల వాటా 2015-16లో 11.77 శాతం నుంచి 2019-21కి 6.06 శాతానికి తగ్గింది. ఆ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఇదే రాష్ట్రంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత, ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. కరెంటు, గ్యాసు, బ్యాంకు ఖాతా ఉన్న ఇంట్లోనే రక్తం చాలని ఇల్లాలు ఉంటుంది. రేపు చూడబోయే ఇళ్ళు అవే.

మొదటి రోజు: బెజవాడ

పొద్దున్న ఆరున్నరకల్లా మీకు దగ్గర్లోని కూలీల అడ్డాకి వెళ్ళండి. అడ్డాకి ఎదురు వైపు టీకొట్టు దగ్గర నిలబడాలి. కారు అడ్డా ముందు ఆపారో, పని ఇచ్చేవాళ్ళనుకుని ఇరవై మంది చుట్టుముడతారు. వాళ్ళ ఆశ వృథా, మీకు సిగ్గు. ఏడింటికి ఎంతమంది ఉన్నారు, తొమ్మిదింటికి ఎంతమంది మిగిలారు అన్నది అతిథినే లెక్కపెట్టమనండి. మిగిలినవాళ్ళు ఆ రోజుకి ఇంటికే. ‘ఇండియాలో ఎక్కడ చూసినా జనం ఊరికే నిలబడి ఉంటారు’ అని విదేశీయులు తరచూ రాస్తుంటారు. ఆ నిలబడటం కూడా పనిలో భాగమని ఇక్కడ తెలుస్తుంది. పారలు, తాపీలు, రంగు బ్రష్షులు చూపించండి, ఎవరి పనేమిటో వాటితోనే తెలిసిపోతుంది.

టిఫిన్ బండి దగ్గర క్యూఆర్ కోడ్ చూసి అతిథి మురిసిపోతాడు, ‘మా దేశంలో కూడా లేదు’ అంటాడు. మురవనివ్వండి. తర్వాత బండివాడిని రెండు ప్రశ్నలడగండి: రోజువారీ ఫైనాన్సు కడుతున్నారా, వారానికి ఎన్ని రోజులు బండి పెడతారు. డబ్బు సులువుగా చేతులు మారుతోందని క్యూఆర్ చెబుతుంది. ఎంత మిగులుతోందో చెప్పదు.

తొమ్మిదిన్నరకి కొండ ఎక్కాలి. మొగల్రాజపురం, క్రీస్తురాజపురం, గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం, ఎటు చూసినా బెజవాడ కొండల మీద ఇళ్ళే. తెలిసినవాళ్ళున్న చోటే ఎక్కండి. ఒక్క మాట గట్టిగా: మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఇంటికి మాత్రం తీసుకెళ్ళకండి. ఆవిడ వద్దనలేదు. కాఫీకి పాలు అప్పు తెచ్చి మరీ మర్యాద చేస్తుంది. మీతో జీతం లావాదేవీ లేని ఇల్లు చూసుకోండి, ముందురోజే అడగండి, పండో స్వీటో పట్టుకెళ్ళండి, అరగంటకి మించి కూర్చోకండి.

ఎక్కుతూ మెట్లు లెక్కపెట్టించండి. కింద వరసగా నిలిపిన మోటారు సైకిళ్ళు చూపించండి, అవి పైకి రావు. పైన ఇంట్లో టీవీ ఉంటుంది, మిక్సీ ఉంటుంది, ఒక్కోచోట వాషింగ్ మెషీన్ కూడా. అదే ఇంటికి గ్యాస్ బండ, బియ్యం బస్తా, నడవలేని పెద్దావిడ అన్నీ మనిషి భుజం మీదే ఎక్కాలి, దిగాలి. ‘మెషీను ఉందంటే పేదవాళ్ళు కాదుగా’ అని అతిథి అంటే, ‘ఆసుపత్రికి వెళ్ళాలంటే ఎన్ని మెట్లు?’ అని అడగండి. వానపడిన రోజు, మర్నాడు అసలు ఎక్కొద్దు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. కొండ మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఆ భయంతోనే పడుకుంటారు, చూడటానికి వెళ్ళేవాళ్ళకి ఆ సాహసం అక్కర్లేదు.

మధ్యాహ్నం ఏదైనా అన్న క్యాంటీన్ ముందు పది నిమిషాలు ఆగండి. పూటకి ఐదు రూపాయలు. లోపల తినడానికి అతిథిని కూర్చోబెట్టకపోవడమే మంచిది, అక్కడి ప్లేట్లు లెక్క ప్రకారం వస్తాయి. వరసలో ఎవరున్నారో చూడమనండి: ఆటోడ్రైవర్లు, బేల్దారి పనివాళ్ళు, పరీక్షల కోచింగుకి వచ్చిన కుర్రాళ్ళు, ఆసుపత్రి దగ్గరైతే రోగుల వెంట వచ్చినవాళ్ళు. అక్కడికి వచ్చినవాళ్ళందరూ పస్తులున్నవాళ్ళు కారు. హోటల్లో భోజనానికయ్యే డబ్బు మిగిల్చుకుని ఇంటికి పంపేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఆ రోజు ఒకటో తారీఖైతే పొద్దున్నే మీ వీధిలోనే చూపించొచ్చు, సచివాలయం వాళ్ళు ఇంటింటికీ వచ్చి వేలిముద్ర తీసుకుని నాలుగువేల పింఛను చేతిలో పెట్టడం.

సిటీ బస్సు ఒక్కసారైనా ఎక్కించండి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం, స్థానికురాలినని చూపించే గుర్తింపు కార్డు ఉండాలి. విదేశీ ఆవిడ టిక్కెట్ తీసుకోవాల్సిందే. అందరూ ఊరికే వెళ్తుంటే తనొక్కతే డబ్బిచ్చిందన్న సరదా కబురు ఆవిడకి చాలాకాలం గుర్తుంటుంది.

సాయంత్రం నాలుగున్నరకి ప్రకాశం బ్యారేజి. ఇక్కడ తొందరపడొద్దు, రెండు రోజుల్లోనూ ముఖ్యమైన గంట ఇదే. ఎందుకంటే ‘నిన్న’ కనిపించేది ఇక్కడే. 1832-33లో గుంటూరు సీమకి వచ్చిన కరువుని జనం డొక్కల కరువన్నారు. ఐదు లక్షలమంది ఉన్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షలమంది పోయారని అంచనా. 1852లో కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. అది 1952లో తెగింది. దాని స్థానంలో 1957కి ఈ బ్యారేజి లేచింది: 1,223.5 మీటర్లు, 70 గేట్లు, కింద పన్నెండు లక్షల ఎకరాలకి పైగా ఆయకట్టు. ఎండిన ఎముకలు తేలిన సీమ అన్నపూర్ణ అయిందని తెలియనివాడికి ఇది ఒక వంతెన, ఫొటోకి బాగుండే సూర్యాస్తమయం.

అక్కడే నిలబడి రెండో సగం చెప్పాలి. 2024 సెప్టెంబరు 2న ఈ గేట్ల మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. నది ఒడ్డునే ఉన్న కృష్ణలంక రక్షణ గోడ వల్ల పెద్దగా మునగలేదు. నదికి దూరంగా ఉన్న సింగ్‌నగర్ మాత్రం బుడమేరు గట్లు తెగి రోజుల తరబడి నీళ్ళలో ఉంది. గోడ కట్టినచోట నిద్ర, కట్టనిచోట మేడ మీద ఆహారపు పొట్లాల కోసం ఎదురుచూపు. ఒక ఊరు ‘ఎదిగిందా లేదా’ అన్న ప్రశ్నకి ఇంతకన్నా కచ్చితమైన జవాబు ఈ ఊళ్ళో లేదు: ఏ పేట ఎదిగింది, దేని నుంచి రక్షణ దొరికింది అని అడగాలి. సింగ్‌నగర్ వెళ్ళాలనుకుంటే వరద గుర్తులు వెతుక్కుంటూ కాదు, ఒక దుకాణంలో ఏదన్నా కొంటూ ‘అప్పుడు సరుకంతా పోయిందాండీ, మళ్ళీ ఎలా పెట్టారు’ అని అడగండి. చెప్పాలనుకుంటే చెబుతారు.

తిరుగు దారిలో కాలవ కంపు కొడుతుంది. క్షమాపణలు మొదలెట్టకండి. స్వచ్ఛ సర్వేక్షణ్ 2021లో పెద్ద నగరాల్లో బెజవాడ దేశంలో మూడో స్థానంలో నిలిచిందని చెప్పండి, ఆ కాలవనీ చూడనివ్వండి. ఇంటి ముందు చెత్త ఎత్తడం ఒక పని, కాలవలోకి మురుగు రాకుండా ఆపడం ఇంకో పని, ఖర్చూ వేరు.

రెండో రోజు: గుంటూరు మిర్చి యార్డు

పొద్దున్న ఏడుకల్లా అక్కడ ఉండాలి, అంటే ఆరింటికల్లా బెజవాడలో బయలుదేరాలి. ఒక్కొక్కరికి రెండు ఎన్-95 మాస్కులు. గుడ్డ మాస్కు ఆ ఘాటుకి ఆగదు. నిండు చేతుల చొక్కా, మూసిన బూట్లు. కాంటాక్టు లెన్సులు హోటల్లోనే వదిలి కళ్ళజోడు పెట్టుకోమనండి. సబ్బుతో చేతులు కడగకుండా కళ్ళు ముట్టుకోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళని తీసుకెళ్ళొద్దు, సరదాకి కూడా. ముందు మార్కెట్ కమిటీ ఆఫీసులో చెప్పి లోపలికి వెళ్ళండి. ముఠా కార్మికులు టిక్కీ, అంటే మిర్చి బస్తా, వీపు మీద వేసుకుని వస్తుంటే పక్కకి తప్పుకోండి. నలభై కిలోలకి పైబడిన బరువుతో వాళ్ళు ఆగలేరు.

ఎర్రటి గుట్టలు చూసి అతిథికి సంపద కనిపిస్తుంది. బస్తాలో చెయ్యిపెట్టి కాయ విరిచి, రంగు, తేమ చూసి వ్యాపారి ధర చెప్పడం దగ్గరనుంచి చూడనివ్వండి. తేజ, 334 రకాలు వేరు వేరుగా, తెల్లబడిన తాలు కాయ పక్కన. తాలు ధర బాగా తక్కువ. అది ఏరేది, తొడిమలు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే.

బేరం అయ్యాక, ముందు కాదు, ఒక రైతుని మూడు ప్రశ్నలడగండి. పొలం సొంతమా, కౌలా? కోత కూలికి ఎంతయింది? పెట్టుబడి ఎవరిచ్చారు? చాలాసార్లు మొదటి జవాబు కౌలు. మూడో జవాబు, సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారే. ధర పడిన ఏడాది ఏమవుతుందో అప్పుడు చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిందన్నది మాత్రం చెప్పండి. సరుకు విదేశాలకి వెళ్తుంది, యార్డుకి ఆసియాలో పేరుంది, పండించినవాడు అప్పులో ఉండొచ్చు. మూడూ ఒకే టిక్కీలో ఉన్నాయి.

కెమెరా, బిచ్చం

పెద్దవాళ్ళ ఫొటో అడిగి తీయాలి. పిల్లల ఫొటో అమ్మనో నాన్ననో అడిగాకే. వంగి, పై నుంచి కిందికి తీస్తే ఏ పిల్లవాడైనా దిక్కులేనివాడిలా కనిపిస్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళ ఎత్తులో తీయమనండి. చాక్లెట్లు, పెన్నులు పంచనివ్వకండి. ఒకసారి పంచితే ఆ సందులోకి తర్వాత వచ్చే ప్రతి తెల్లతోలు వెనకా పిల్లలు చేయిచాచి పరిగెత్తుతారు. సిగ్నల్ దగ్గర పిల్లల చేతిలో డబ్బు పెట్టొద్దు. ఇవ్వాలనిపిస్తే దుర్గ గుడి అన్నదానానికి రసీదు తీసుకుని ఇవ్వమనండి.

వాళ్ళు అనే మాటలు, మీరనాల్సినవి

‘ఎంత పేదవాళ్ళైనా ఎంత సంతోషంగా ఉన్నారో!’ ఇది తప్పకుండా వస్తుంది. వాదించొద్దు. ‘కొత్తవాళ్ళు ఇంటికొస్తే మీ ఊళ్ళో ఏడుస్తారా?’ అనండి చాలు. ‘ఇన్ని ఫోన్లున్నాయి, పేదరికం ఎక్కడ?’ అంటే రాత్రి కాగితం తీసి వంద గంటల వరస చూపించండి. ఫోను లేకపోతే మేస్త్రీ పిలవడు. అది ఆ ఇంటికి పనిముట్టు. ‘ప్రభుత్వం ఏం చేస్తోంది?’ అంటే మీ పార్టీ మాట్లాడకుండా నోరు కట్టుకోవడమే కష్టం. ఎవరి హయాంలో ఏమైందన్న చర్చ మొదలైతే అతిథికి ఏ పేరూ అర్థం కాదు, మీకు బీపీ.

విదేశంలో స్థిరపడిన మన బంధువు వస్తే ఈ పథకం ఇంకా అవసరం. ఆయన తను వెళ్ళిన ఏడాది దగ్గర ఆగిపోయి ఉంటాడు. ‘మా రోజుల్లో కాలవలో ఈతకొట్టేవాళ్ళం’ అంటాడు, ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో మరుగుదొడ్డి ఉండేదో గుర్తుండదు. ఆయన్ని ముందు తన పాత వీధికే తీసుకెళ్ళి, అక్కడ ఇప్పుడు అద్దెకున్నవాళ్ళతో మాట్లాడించండి.

గన్నవరంలో విమానానికి ముందు గంట ఖాళీ ఉంటుంది. ఫోనులోని ఫొటోలు కలిసి చూడండి. పెట్టబోయే ప్రతి ఫొటో కింద ‘ఇండియా’ అని కాకుండా పేట పేరు, నెల, ఏడాది రాయమనండి. ఎవరినీ అడక్కుండా తీసిన ముఖాలు అక్కడికక్కడే తీసేయించండి. రాత్రి కాగితం మీద వేసిన ధరలు ఎన్ని తప్పాయో, ఎన్ని సరిపోయాయో చూసి, ఆ కాగితం ఆయన సంచిలో పెట్టండి.